ఊఁ అన్న పాపానికి

మా కొరియాలో సోమ్‌జిన్ నది పొంగి ఆవులు ఇళ్ల కప్పులెక్కిన ఏడాది ఉంది చూశారూ, దాని తరువాతి వేసవిలో నాకు ప్రేమ పుట్టింది. అప్పటికి నాకు డెబ్బై మూడు. వరద వస్తుందని ముందే మైకులో చెప్పారు. దీని సంగతి ఎవరూ చెప్పలేదు.

నా పేరు ప్యో కిల్‌దో. పడవ మీద తిరిగి, నది అడుగున గోరంత ఆల్చిప్పలు దేవుతాను. మాటలు తక్కువ, చదువు ఇంకా తక్కువ. మూడేళ్లు బడికి వెళ్లాను, అందులో ఒక ఏడాది వానలకే పోయింది. నా భార్య పోయి పదహారేళ్లు. రోజూ పొద్దున చిప్పల బకెట్టు రేవు పక్కన బున్‌రే అనే ఆవిడ హోటల్లో దించుతాను. ఆవిడా భర్త పోయిన మనిషే. వాటితో చారు కాస్తుంది.

"తిన్నారా?" అంటుంది.

"ఊఁ," అని వచ్చేస్తాను. పదకొండేళ్లుగా మా సంభాషణ అంతే.

ఆ వేసవిలో ఫోన్లో ఒక ఫోటో పలకరించింది. ఎక్కడో ఎడారిలో సైన్యానికి వైద్యం చేసే డాక్టరమ్మట. పుట్టింది కొరియాలోనేనట, పసితనంలోనే విదేశానికి దత్తు వెళ్లిందట. "తిన్నారా?" అని రాసింది. "ఊఁ" అని కొట్టాను. ఆ ఒక్క అక్షరానికే నా బొటనవేలు మూడుసార్లు తప్పింది.

"మీ మాటల్లో ఎంత లోతు!" అని జవాబు.

రెండు నెలల్లో నలభై ఊఁలు కొట్టాను. నలభయ్యోదానికి నన్ను పెళ్లాడతానంది.

ముందుగా తన పెట్టె పంపిందట. నిండా బంగారమట. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు ఆపారట. ముప్పై లక్షల వొన్‌లు సుంకం కడితే వదులుతారట. నా దగ్గర అంత చేసేది పడవ ఇంజనొక్కటే. కొనేవాడు ఆ మధ్యాహ్నమే వస్తానన్నాడు.

వాడొచ్చేలోగా, డాక్టరమ్మ ఫోనుకి పంపిన కస్టమ్స్ కాగితంలోని పెద్ద మాటలు చదివించుకుందామని ఫోను తీసుకెళ్లి బున్‌రేకి చూపించాను. పైన గద్ద బొమ్మ, కింద ముద్ర, నడుమ ఎర్రగా నా పేరు. ముచ్చటగా ఉందని నాలుగు రోజులుగా చూసుకుంటున్నాను.

ఆవిడ గరిటె కింద పెట్టింది.

"ఎప్పుడు పోయారు?"

"ఎక్కడికి?"

"పైకి! చావింట్లో పెట్టే ఎర్ర పులుసు నాకు ఒక్క గిన్నె అందలేదే!"

ఆవిడ ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"పేరు చూడవయ్యా మహానుభావా! బతికున్న మనిషి పేరు మనలో ఎవరైనా ఎర్రగా రాస్తారా? పోయినవాళ్లకేగా రాసేది? ఇది మన ఆఫీసరు రాసిన కాగితమేనా?"

బడిలో నాకు గట్టిగా వచ్చిన పాఠం అదొక్కటే. ఎర్ర పెన్సిలుతో నా పేరు రాసుకున్నందుకు పంతులు చెవి మెలిపెట్టాడు. చెవి ఉంది, పాఠం పోయింది.

"సుంకం ఎవరి ఖాతాలో వేయమన్నారు?"

"కు వాన్‌సిక్ గారట."

"ఓహో, కస్టమ్స్‌కి ఇంటిపేరు కూడా ఉందన్నమాట! పెట్టెడు బంగారం ఇచ్చేవాళ్లు ముందు మననే ఇమ్మంటారేం?"

కాగితం మీది నంబరుకి ఆవిడ చేయలేదు. టెలిఫోన్ విచారణ వాళ్లనడిగి, అసలు కస్టమ్స్ ఆఫీసు నంబరు కనుక్కుని చేసింది. ఏ పెట్టే లేదట. మనుషుల సొంత ఖాతాల్లో సుంకం కట్టమని తాము అడగమట. ఇలా అడిగిన తాతల్లో ఈ వారం నేను మూడోవాణ్ణట. ప్రేమలోనూ నాకు ముందు వరుస దొరకలేదు.

బున్‌రే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చారు కలుపుతూ అటు తిరిగింది.

"ఆ ఫోటో 'తిన్నారా' అంటే ఇంజను అమ్మబోయారు. పదకొండేళ్లుగా నేనడిగేది ఏమిటి మరి?"

"ఊఁ అంటున్నానుగా."

"ఆ ఊఁ నేనేం చేసుకోను, చారులో వేసుకోనా? రోజూ రెండు గిన్నెలు కడిగి పెడతాను. ఒకటి ఖాళీగానే మళ్లీ లోపలికి పోతుంది."

మధ్యాహ్నం కొనేవాడొస్తే "అమ్మను, వెళ్లు" అన్నాను. ఆ ఏడాది నేను చేసిన పెద్ద ఉపన్యాసం అదే.

మర్నాడు పొద్దున మామూలుగానే చిప్పలు దేవి, బకెట్టు హోటల్లో దించాను. ఆవిడ తలెత్తలేదు.

"తిన్నారా?"

"లేదు," అన్నాను. బూట్లు విప్పి లోపల కూర్చున్నాను.