ఏడో గడిలో లేని కారు

డిసెంబర్ 31. ఉదయం ఎనిమిదీ ఇరవై.

ఆ పూట ఎమిల్ టోకార్ చేతిలో ఉన్నవి మూడు. ఒక కారు తాళంచెవి. టైర్ల అరుగుదల కొలిచే చిన్న పుల్ల. సగం తాగిన కాఫీ.

లేనిది ఒక్కటే. కారు.

కార్లు నిలిపే ఆవరణలో ఏడో గడి ఖాళీగా ఉంది.

తాళంచెవి వచ్చిన కవరు జేబులోంచి తీసి మళ్ళీ చూశాడు. 2014 బ్యూయిక్. నల్లది. 68,412 మైళ్ళు. ఇచ్చినవారు గ్రాంట్ హోల్కమ్. పెట్టిన చోటు: ఏడో గడి. తేదీ: డిసెంబర్ 24.

ఎమిల్ ముప్పై ఒక్క ఏళ్ళు టొలీడోలో పాత కార్లు అమ్మాడు. ఇప్పుడు దుకాణం లేదు, కళ్ళు మిగిలాయి. ‘సెకండ్ మైల్’ అనే ధర్మసంస్థకి జనం ఇచ్చే పాత కార్లను పరీక్షిస్తాడు. పనికిరానివి వేలానికి పోతాయి. మంచివి బండి లేక ఉద్యోగానికి వెళ్ళలేని వాళ్ళకి దక్కుతాయి.

డిసెంబర్ ఆఖరి వారం వచ్చిందంటే ఊరందరికీ దానగుణం ముంచుకొస్తుంది. ఏడాది దాటితే ఆ ఏటి పన్ను మినహాయింపు దాటిపోతుంది మరి. వారంలో నలభై కార్లు. జనం వస్తారు, ఖాళీ గడిలో కారు పెడతారు, తాళంచెవినీ, టైటిల్ అనే యాజమాన్య పత్రాన్నీ సంతకం చేసి కవర్లో పెట్టి గోడలో ఉన్న పెట్టెలోకి జారవిడిచి వెళ్ళిపోతారు.

ఎమిల్ విసవిసా ఆఫీసులోకి నడిచాడు.

"మేడమ్, బ్యూయిక్ లేదు."

డైరెక్టర్ రూత్ వాండర్‌పూల్ తలెత్తింది. బల్ల మీద కవర్ల గుట్ట. చేతిలో నోటరీ ముద్ర.

"లేకపోవడమేంటి? తాళంచెవి మీ చేతిలోనే ఉందిగా!"

"ఈడ్చుకెళ్ళేవాడికి తాళంచెవి ఎందుకు?"

అనేశాక నాలిక కరుచుకున్నాడు. కార్లు లాగే ట్రక్కు అక్కడ ఒక్కటే. దాన్ని తోలేది కర్టిస్ బెల్ ఒక్కడే. కార్ల దొంగతనం కేసులో రెండున్నరేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. పెరోల్ ఇంకా పద్నాలుగు నెలలుంది. అతనికి ఈ ఉద్యోగం ఇప్పిస్తూ హామీ సంతకం పెట్టింది ఎమిలే.

రూత్ అప్పటికే ఫోన్ అందుకుంది. ఇన్సూరెన్సు వాళ్ళతో మాట్లాడి పెట్టేసింది.

"మధ్యాహ్నం పన్నెండులోపు పోలీస్ రిపోర్టు ఇవ్వాలట. నేను ఫోన్ చెయ్యక తప్పదు, ఎమిల్ గారూ. వాళ్ళు మొదట అడిగేది ఎవర్నో మీకు తెలుసు."

తెలుసు. పోలీసులు ఒక్క ప్రశ్న అడిగినా పెరోల్ ఆఫీసర్‌కి కబురు పోతుంది. నిజం తేలేలోపు కర్టిస్ లోపలుంటాడు.

"ఆ కారు ఎవరికి?"

"టమేకా ప్రూయిట్‌కి. ఎల్లుండి ఉదయం ఆరింటికి ఆసుపత్రిలో మొదటి డ్యూటీ. అటు బస్సు లేదు."

ఎమిల్ గోడ గడియారం చూశాడు. 8:35.

కర్టిస్‌ని పిలిచారు. చేతులకంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు.

"నిన్న సాయంత్రం ఆరున్నరకి ట్రక్కు మీద ఏం తీసుకెళ్ళావు?" అన్నాడు ఎమిల్.

"వ్యాను. వేలానికి. రసీదుంది పెద్దాయనా."

"మరి బ్యూయిక్?"

"నేను చూళ్ళేదు."

"నిన్నటి నుంచా?"

"ఎప్పుడూ చూళ్ళేదు. నల్ల బ్యూయిక్ అనేది ఇక్కడ నా కంటపడలేదు."

రూత్ రిజిస్టరు తిప్పి చూపించింది. "నాలుగు రోజులుగా రాసి ఉన్న కారు. రోజూ ఇక్కడే తిరిగేవాడివి, చూళ్ళేదంటే ఎవరు నమ్ముతారు?"

"నేను కార్ల దొంగనే మేడమ్, కాదన్నానా? కానీ నా రోజుల్లో కూడా బ్యూయిక్ ముట్టుకున్న పాపాన పోలేదు. నాకూ కాస్త పరువుంది."

ఎవరూ నవ్వలేదు. కర్టిస్ గ్రీజు గుడ్డని మడిచి జేబులో కుక్కుకున్నాడు.

ఎమిల్ రిజిస్టరు మీదికి వంగాడు.

"ఇది రాసిందెవరు?"

"నేనే. 27 ఉదయం తొమ్మిదికి పెట్టె తెరిచాను. సెలవుల కవర్లు పంతొమ్మిది."

"కారు దగ్గరికి వెళ్ళి చూశారా?"

"ఆ చలిలోనా? తాళంచెవి ఉంది, టైటిల్ ఉంది, టిక్కు పెట్టాను. పదకొండేళ్ళుగా ఇంతే. కారు ఇవ్వకుండా తాళంచెవి ఎవరిస్తారు చెప్పండి?"

ఎమిల్ టైటిల్ తిప్పి చూశాడు. సంతకాలు రెండు: గ్రాంట్ హోల్కమ్, మార్లిస్ హోల్కమ్. కింద బ్యాంకు నోటరీ ముద్ర, తేదీ 23.

9:05. హోల్కమ్‌కి ఫోన్. స్పీకర్ పెట్టారు.

హోల్కమ్‌ది తివాచీల వ్యాపారం. గొంతు కూడా దుకాణం గొంతే, పెద్దది.

"పోయిందా? బాగుంది! ఇరవై నాలుగు సాయంత్రం నాలుగింటికి పెట్టాను. ఏడో గడి. ఇన్సూరెన్సు కూడా ఆ రోజే ఆపేశాను. ఇంకేం రుజువు కావాలి మీకు?"

"అదే రోజు ఆపేశారా?" అన్నాడు ఎమిల్.

"లేని కారుకి డబ్బెందుకు కడతానయ్యా? చూడండి, మీ దగ్గర జైలు నుంచి వచ్చినవాడు ట్రక్కు తోలుతున్నాడటగా? అది మీ తలనొప్పి. నాకు మాత్రం రసీదు కావాలి. ఇరవై నాలుగు తేదీతో. బీదవాళ్ళకి ఇచ్చినట్టు రాసి."

ఆఖరి మాట దగ్గర ఎమిల్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. సంస్థ కారుని వేలంలో అమ్మితే, ఆ వచ్చిన సొమ్ముకే మినహాయింపు. అవసరమైన మనిషికి ఇస్తే మార్కెట్ ధర మొత్తానికీ. ఈ బ్యూయిక్‌కి తొమ్మిది వేల నాలుగొందల డాలర్లు. హోల్కమ్ కట్టే పన్నులో సుమారు మూడు వేలు తగ్గుతాయి. లెక్క బాగా తెలిసిన మనిషే.

ఎమిల్ మళ్ళీ బయటికొచ్చాడు. కాలు ఒకచోట నిలవలేదు. ఏడో గడి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

26న మంచు పడింది. ఆ తర్వాత ఒక్క రేకు రాలలేదు, కరిగిందీ లేదు. ఆరో గడిలో కారు చుట్టూ మోకాలెత్తు మంచు గట్టు. ఎనిమిదో గడిలోనూ అంతే. ఏడో గడి నేల మీద ఇనుము గీరిన గీతలు, చాళ్ళలా వరసగా.

వంగి ఆ గీతల మీద వేలితో రుద్ది చూశాడు. లోపలికెళ్ళి అడిగాడు.

"మంచు తోసే బండివాడి బిల్లుందా?"

రూత్ తీసిచ్చింది. డిసెంబర్ 27. ఉదయం 5:10 నుంచి 5:50.

"కర్టిస్, ట్రక్కు తియ్యి. హోల్కమ్ ఇంటి వీధిలోంచి ఒకసారి పోయొద్దాం."

9:50. ట్రక్కు ఆ వీధిలోకి తిరిగింది. ఇటుక ఇల్లు. రెండు తలుపుల గ్యారేజీ. బయట వాకిట్లో ఒక పికప్, ఒక బూడిదరంగు టయోటా, రెండూ మంచుతో గడ్డకట్టి ఉన్నాయి. హోల్కమ్ పికప్ అద్దాన్ని గీకుతూ తిట్టుకుంటున్నాడు. గ్యారేజీ తలుపుకున్న చిన్న కిటికీకి లోపలి నుంచి తివాచీ ముక్క అడ్డంగా ఉంది.

"చాలు, పోనీ," అన్నాడు ఎమిల్.

"దిగవా?"

"దిగితే ఏం కనిపిస్తుంది? టయోటా టైర్లు కొత్తవి. చూశావా?"

"నా మెడకి ఉరి బిగుస్తుంటే నువ్వు టైర్లు చూస్తున్నావా పెద్దాయనా!"

"ముప్పై ఏళ్ళు అదే చూశానురా."

దారిలోనే హోల్కమ్‌కి ఫోన్ చేశాడు. రసీదు సంగతి మాట్లాడాలి, పదకొండున్నరకి రమ్మన్నాడు. టైటిల్ మీద ఇద్దరి పేర్లున్నాయి కాబట్టి ఇద్దరూ రావాలన్నాడు.

11:36. టయోటా లోపలికొచ్చింది. హోల్కమ్ దిగాడు. వెనక మార్లిస్ దిగింది, కోటు పైదాకా బిగించుకుని.

రూత్ ఫోన్ చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. కర్టిస్ ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు.

"రసీదేదీ?" అన్నాడు హోల్కమ్.

"ముందు కారు సంగతి. మీరు ఎక్కడ పెట్టారు?"

"ఎన్నిసార్లు చెప్పాలి? ఇక్కడ." బూటుతో ఏడో గడిని తన్నాడు.

"మళ్ళీ తియ్యలేదు?"

"నాకేం పని?"

ఎమిల్ ఆరో గడి కారు దగ్గరికి నడిచాడు. దాని చుట్టూ ఉన్న గట్టుని కాలితో తట్టాడు. రాయిలా ఉంది.

"మంచు తోసేవాడు నిలబడ్డ కారు మీదికి బ్లేడు తోలడు. చుట్టూ తిప్పుకుపోతాడు. అందుకే ప్రతి కారుకీ ఈ గట్టు. కారు తీసేసినా గట్టు అక్కడే ఉంటుంది. ఇప్పుడు మీ గడి చూడండి. గట్టు లేదు. బ్లేడు గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆగకుండా పోయాయి. అంటే 27 తెల్లవారి ఐదింటికి ఇక్కడ కారు లేదు. రాత్రికి రాత్రి పోయిందని పొద్దున్నుంచీ ఖాళీ గడిని చూస్తున్నాం. నేల మాత్రం ఎవరూ చూళ్ళేదు."

హోల్కమ్ రెప్ప వెయ్యలేదు. "అయితే ఇరవై అయిదునే ఎత్తుకుపోయి ఉంటాడు. ట్రక్కుందిగా మీవాడికి!"

కర్టిస్ నోరు తెరిచాడు. అంతలో రూత్ మాట్లాడింది. నెమ్మదిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

"ట్రక్కు లేదు. 23 నుంచి 27 మధ్యాహ్నం దాకా మెకానిక్ షెడ్డులో ఉంది. బిల్లు నేనే కట్టాను."

ఆమె కర్టిస్ వైపు చూడలేకపోయింది.

"ఇంకో మాట," అన్నాడు ఎమిల్. "ఫారెన్‌హీట్‌లో తొమ్మిది డిగ్రీలు, నీళ్ళు గడ్డకట్టే చలి. రెండు బళ్ళు పట్టే గ్యారేజీ ఉన్న మనిషి రెండు బళ్ళనీ బయట పెట్టి అద్దాలు గీక్కుంటున్నాడు. ఆ తలుపు తెరిస్తే వీధికి ఏం కనిపిస్తుంది హోల్కమ్ గారూ? కిటికీకి తివాచీ ఎందుకు?"

"నా గ్యారేజీ నా ఇష్టం."

"బాగున్న కారైతే ఈపాటికి ఇక్కడికి తెచ్చి పెట్టేసేవారు. టైటిల్ లేకుండా నుజ్జయిన కారుని పాత ఇనుము కొట్టువాడు కూడా తీసుకోడు. మీ టైటిల్ మా పెట్టెలో ఉంది. ఇన్సూరెన్సు లేదు, మీరే చెప్పారు. మీకిక మిగిలింది మా రసీదొక్కటే."

రూత్ ఫోన్ వైపు చూసింది. 11:48.

"చెప్పెయ్ గ్రాంట్," అంది మార్లిస్. "నా కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి."

"నువ్వు నోర్ముయ్—"

"నోరు ముయ్యాల్సింది నేనా?" ఆమె ఎమిల్ వైపు తిరిగింది. "ఆఖరి రోజు జనం ఎక్కువ ఉంటారని కాగితాలు ముందే మీ పెట్టెలో వేశాడు. కారు మాత్రం వారం వాడుకుని ముప్పై ఒకటిన తెద్దామన్నాడు. ఆ వారం ఇన్సూరెన్సు దండగని ఆపేశాడు. ఎంత మిగిల్చాడో తెలుసా? ముప్పై ఎనిమిది డాలర్లు! ఇరవై ఎనిమిదిన తన కొట్టు ముందు స్తంభానికే గుద్దాడు. కారుకి ముందు భాగమనేది లేదు."

"ప్రమాదమే కదా! మంచు మీద జారింది!" హోల్కమ్ గొంతు దుకాణం గొంతులా లేదు.

"గుద్దడం ప్రమాదమే," అంది మార్లిస్. "ఈ కుర్రాడి మీదికి తోశావే, అది?"

కర్టిస్ ట్రక్కు వదిలి నాలుగడుగులు ముందుకొచ్చాడు. హోల్కమ్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"పద్నాలుగు నెలలు సార్," అన్నాడు కర్టిస్. "మీ మూడు వేలకి నా పద్నాలుగు నెలలు."

ఎమిల్ ఇద్దరి మధ్యా నిలబడి హోల్కమ్ వైపు తిరిగాడు.

"బేరం ఆడే మనిషివి, లెక్క నీకే తెలుస్తుంది. రసీదు మేమింకా ఇవ్వలేదు. పన్ను కాగితం నువ్వు ఇంకా రాయలేదు. పోలీసులకి ఫోన్ వెళ్ళలేదు. ఈ నిమిషానికి నువ్వు చెప్పింది అబద్ధం మాత్రమే. పన్నెండు దాటాక ఆమె ఫోన్ చేస్తే, కేసు. ఎవరి మీదో నేను చెప్పక్కర్లేదు."

హోల్కమ్ నేల చూశాడు. గీతలు చూశాడు.

"పొరపాటైంది," అన్నాడు.

"నాకు కాదు, అతనికి చెప్పు," అన్నాడు ఎమిల్.

11:55కి హోల్కమ్ కర్టిస్ వైపు తిరిగి అదే మాట మళ్ళీ అన్నాడు. కర్టిస్ తలూపాడు. చెయ్యి మాత్రం ఇవ్వలేదు. "గ్రీజుంది," అన్నాడు.

మార్లిస్ టయోటా తాళంచెవి తీసి రూత్ చేతిలో పెట్టింది.

"ఇది నా పేరునే ఉంది. మా పిన్ని పోతూ ఇచ్చింది. ఇంటి ముందు ఊరికే మంచు మోస్తోంది. మా బ్యూయిక్ ఎవరికి ఇద్దామనుకున్నారో వాళ్ళకి ఇవ్వండి."

"మార్లిస్! అది ఆరు వేల పైచిలుకు!"

"తెలుసు. మినహాయింపు కూడా వస్తుంది. ఈసారి నిజంగా."

టైటిల్ ఇంట్లో ఉంది. తేవాలి. కారు అయితే ఇచ్చేశారు, ఇక వెళ్ళేదెలా?

"నేను దింపుతా," అన్నాడు కర్టిస్. "వచ్చేటప్పుడు బ్యూయిక్‌నీ లాక్కొస్తా. సార్ మధ్యలో కూర్చోవాలి మరి. గేరు కాస్త మోకాలికి తగులుతుంది."

1:10కి రూత్ ముద్ర వేసింది. ముద్ర వేసేముందు బయటికెళ్ళి, టయోటా చుట్టూ తిరిగి, మైళ్ళు చదివి వచ్చింది. రిజిస్టర్లో కొత్త వరస గీసింది: ‘కారు చూసినవారి సంతకం’. తర్వాత కర్టిస్‌ని పిలిచి తలుపు వేసుకుంది. లోపల ఏం చెప్పిందో ఎమిల్ అడగలేదు. బయటికొచ్చిన కర్టిస్ ముక్కు ఎగబీలుస్తూ చలి అన్నాడు.

నాలుగింటికి టమేకా వచ్చింది. ఆసుపత్రి బట్టలు ముందే వేసుకొచ్చింది. టైర్లు కొలిచి చూపించాడు ఎమిల్. కొత్తవే.

కారు గేటు దాటాక లెక్క చూసుకున్నాడు. టయోటా తాళంచెవి వెళ్ళాల్సిన చేతికి వెళ్ళింది. పుల్ల జేబులో ఉంది. ఎదురుగా కర్టిస్ మంచు గట్టు కరగడానికి దాని మీద ఉప్పు జల్లుతున్నాడు, పద్నాలుగు నెలలూ బయటే. నష్టం ఒకటి. ఆరో గడి కారు బానెట్ మీద మర్చిపోయిన కాఫీ కప్పు అడుగుదాకా గడ్డకట్టింది.