పాప ఇంటికొచ్చే రోజు

టైలరమ్మ చేతిలో టేపు ఆగిపోయింది. లోపలి గదిలోంచి, కర్టెన్ వెనకనుంచి సన్నగా... పిల్లి కూన అరుపు! ఎవరో వెంటనే దాని నోరు నొక్కేసినట్టు ఆ అరుపు సగంలోనే తెగిపోయింది.

ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న మందుల షాపు ఆవిడ తల తిప్పి కర్టెన్ వైపు చూసింది. "మీ ఇంట్లో పిల్లి ఉందా అక్కా?" అని అడిగింది.

వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆ ఇల్లాలు అబద్ధమే ఎరుగని మనిషేమీ కాదు. బట్టలు రేపిచ్చేస్తానని ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. కానీ ఇలా ఎదుటి మనిషి కళ్ళలోకి చూడలేక చెప్పిన అబద్ధం ఆమె జన్మలో ఇదే మొదటిది.

"లేదమ్మా... పక్కింటి వాళ్ళది. కిటికీ దగ్గరకొచ్చి అరుస్తుంటుంది," అంది.

మందుల షాపు ఆవిడ నిట్టూర్చి, ఒళ్ళో ఉన్న చిన్న గౌను మీదికి మళ్ళీ చూపు దించుకుంది. ఆవిడ వచ్చిన పని ఆ గౌను గురించే. ఆవిడ కూతురు మేడమెట్ల మీదినుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి భుజం నుంచి మణికట్టు దాకా కట్టు కట్టారు. రేపు ఇంటికి పంపిస్తున్నారు. ఆ కట్టుతో చెయ్యి ఏ గౌనులోనూ దూరదు గనుక, గౌనుకు ఒక పక్క చేతి కుట్లు మెడదాకా విప్పేసి, కట్టుకోవడానికి తాళ్ళు పెట్టి ఇమ్మని అడగడానికి వచ్చింది. ఆ అరుపుకు ముందే, కొలతలు చెబుతూ చెబుతూనే, తప్పిపోయిన పిల్లి కూన సంగతి చెప్పుకొచ్చింది. పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తిన రోజున వీధి తలుపు వెయ్యడం మరిచిపోయిందట. తిరిగి వచ్చేసరికి కూన లేదు. బూడిద రంగుది... ముందు కుడి కాలు ఒక్కటే పాలలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంటుందట.

"కళ్ళు తెరవగానే దాని గురించే అడుగుతుంది అక్కా," అంది ఆవిడ. "తిందా, నా కోసం వెతుక్కుంటోందా అని. ఉందమ్మా, నీ దిండు మీదే పడుకుంటోంది అని రోజూ చెబుతున్నాను. రేపు ఇంటికొచ్చి ఆ దిండు చూస్తే... నేనేం చెప్పను?"

తమ ఇల్లు నీళ్ళ ట్యాంకు వెనక వీధిలో నీలం గేటుదని, కూన ఎక్కడైనా కనబడితే ఒక్కమాట చెప్పమని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

టైలరమ్మ కర్టెన్ తీసింది. మంచం మీద అత్తగారు కూర్చుని ఉంది. శాలువా మడతలో కూనను గుండెకు అదుముకుని, దాని మూతి మీద రెండు వేళ్ళు ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తోంది. శాలువా అంచులోంచి బయటికి వేలాడుతున్న కాలు... ముందు కుడి కాలు... తెల్లగా ఉంది!

ఆ ఇంట్లో ఆ కూన అంటే ఏమిటో వాళ్ళకే తెలుసు. అత్తగారి చిన్న కూతురు పెళ్ళీడుకొచ్చిన పిల్ల, ఏదో జ్వరమని ఆసుపత్రిలో చేరి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆనాటినుంచి అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. పిలిస్తే పలకదు, పెట్టకపోతే తినదు. ఒళ్ళు తుడిచి, తల దువ్వి, బతిమాలి నాలుగు ముద్దలు పెట్టేది కోడలే. కాళ్ళు మిషను తొక్కుతున్నా చెవులు మాత్రం ఆ గదివైపే ఉండేవి. అంత చేసినా 'నువ్వు తిన్నావా' అన్న ఒక్క మాటకు ఆమె నోచుకోలేదు. ఈమధ్యే ఒక వాన రోజున గుడ్డపీలికల బుట్టలో తడిసి ముద్దై ఈ కూన కనబడింది. వెచ్చగా ఉంటుందని అత్తగారి మంచం పక్కన పెట్టింది. మర్నాడు అత్తగారు లేచి కూర్చుని పాలు అడిగింది, తనకు కాదు, దానికి! ఆ తరవాత గోడ పట్టుకుని వంటగదిదాకా నడిచింది. కూనను బుజ్జీ అని పిలిచింది. ఆ రోజు టైలరమ్మ కొళాయి విప్పి, ఆ చప్పుడు చాటున తనివితీరా ఏడ్చింది.

"విన్నారు కదా అత్తయ్యా," అంది నెమ్మదిగా.

"నేనేమీ వినలేదు."

"ఆ కాలు చూస్తే..."

"లోకంలో తెల్లకాలు ఉన్న కూన ఇదొక్కటేనా?" అత్తగారి కళ్ళు నిప్పులు కురిశాయి. "నేను లేచి తిరగడం నీకు గిట్టడం లేదు. మళ్ళీ మంచాన పడితే గానీ నీ కడుపు చల్లబడదు."

ఇన్నాళ్ళ చాకిరీకి దక్కిన మాట ఇదా! టైలరమ్మ బయటికి వచ్చి మిషను ముందు కూర్చుంది.

భర్త బేకరీలో పనిచేస్తాడు. సాయంత్రం తలమీద పిండి కూడా దులుపుకోకుండా ఇంటికి వచ్చాడు. సంగతంతా విని, దాన్నేమీ దొంగిలించలేదు కదా అన్నాడు, దానంతటదే వచ్చిందన్నాడు. గౌను కుట్టిచ్చి ఊరుకోమన్నాడు. అమ్మ మళ్ళీ మంచం ఎక్కితే తాను తట్టుకోలేనన్నాడు. తట్టుకోవలసిన మనిషి ఎదురుగానే నిలబడి ఉందన్న సంగతి అతనికి తోచలేదు.

గౌను చేతి కుట్లు ఒక్కొక్కటే విప్పుతుంటే ఆ సందులో ఎవరిదో చిన్న చెయ్యి కనబడుతున్నట్టే ఉంది. తాళ్ళు కుట్టడం పూర్తయ్యేసరికి ఆమె మనసు గట్టిపడింది. రేపు ఆవిడ గౌను కోసం వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ఆపైన అత్తగారు కొట్టినా సరే, భర్త తిట్టినా సరే.

కానీ మర్నాడు ఆ అవకాశం రానేలేదు. వీధి చివరకు వెళ్ళి దారపు కండె కొనుక్కుని వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. కూన లేదు. తలుపు పక్కన చెప్పులు లేవు. కూతురు పోయాక గడప దాటని మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషి, ఒంటరిగా వెళ్ళిపోయింది!

ఫోను చెయ్యగానే భర్త ఒంటిమీది ఏప్రన్ కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చాడు. ఇరుగుపొరుగు చూస్తుండగానే, "నీ మాటలే ఆవిణ్ణి ఇంట్లోంచి తరిమేశాయి. అమ్మకేమన్నా అయితే నీ మొహం నాకు చూపించకు," అన్నాడు. అని ఒకవైపు పరిగెత్తాడు. ఆమె ఇంకోవైపు పరిగెత్తింది.

కూరగాయల బజారులో లేదు. పార్కు బెంచీల మీద లేదు. పెద్ద రోడ్డు కూడలి దగ్గర జనం గుమిగూడి ఉన్నారు... ట్రాఫిక్ ఆగిపోయి ఉంది... ఎవరో 'ముసలావిడ' అంటున్నట్టు వినిపించింది. టైలరమ్మ భగవంతుడా అనుకుంటూ మోచేతులతో జనాన్ని తోసుకుని లోపలికి వెళ్ళింది. పళ్ళబండి ఒకటి బోల్తాపడి ఉంది. దాని యజమానురాలైన ముసలామె రోడ్డంతా దొర్లిన పళ్ళను ఏరుకుంటూ, బండిని గుద్దిన వ్యానువాణ్ణి తిడుతోంది. టైలరమ్మ జనంలోంచి బయటపడింది. తల ఎత్తి చూస్తే, రోడ్డుకు అవతల బస్టాపులో, చివరి సీటులో... అత్తగారు!

ఒళ్ళో జిప్పు సంచీ ఉంది. సగం తెరిచిన జిప్పులోంచి రెండు చెవులు కనబడుతున్నాయి.

"వచ్చావా," అంది అత్తగారు తలెత్తకుండానే. "మా అక్క ఊరికి పోదామని వచ్చాను. బస్సులు వచ్చాయి, పోయాయి. కాళ్ళు లేవలేదు."

టైలరమ్మ పక్కనే కూర్చుంది. సంచీ వైపు చెయ్యి చాపలేదు.

"నిన్న ఆవిడ పాపకు చెబుతున్నానన్న అబద్ధం ఉందే... అలాంటిదే నేనూ చెప్పాను అమ్మాయ్," అంది అత్తగారు. "చిన్నది ఆసుపత్రిలో అడిగేది. నన్నెప్పుడు ఇంటికి తీసుకెళ్తావమ్మా అని. రేపేనమ్మా, నీ పక్క దులిపి ఉంచాను అనేదాన్ని. రోజూ రేపే అనేదాన్ని..." ఆవిడ సంచీని దగ్గరకు లాక్కుంది. "నాది అబద్ధంగానే మిగిలిపోయింది. ఆవిడదైనా నిజం కానీ. పద, ఆ ఇల్లెక్కడో చూపించు."

టైలరమ్మ భర్తకు ఫోను చేసి అత్తయ్య దొరికిందని మాత్రం చెప్పింది. నీళ్ళ ట్యాంకు వెనక వీధిదాకా ఇద్దరూ ఆగి ఆగి నడిచారు. నీలం గేటు తీసి తలుపు తట్టగానే మందుల షాపు ఆవిడ చీపురు చేత్తోనే బయటికి వచ్చింది. సంచీలోంచి తల బయటపెట్టిన కూనను చూసి చీపురు వదిలేసింది.

"నిన్న అరిచింది ఇదే," అంది అత్తగారు. "నోరు నొక్కింది నేను. మా అమ్మాయి అబద్ధమాడింది నా కోసమే."

ఆవిడ కూనను లాక్కున్నట్టే తీసుకుంది. దాన్ని మెడకు ఆనించుకుని, "మీ ముందు కూర్చుని నేనంతలా చెప్పుకుంటుంటే... ఎలా వింటూ కూర్చున్నారండీ?" అంది. నిన్న అక్కా అని పిలిచిన మనిషి! టైలరమ్మ తల వంచుకుంది.

గేటు ముందు టాక్సీ ఆగింది. తన చొక్కా చుట్టిన పాపను తండ్రి ఎత్తుకుని దించాడు. పాప మొహం పాలిపోయి ఉంది. తల్లి చేతుల్లో ఉన్నదేమిటో చూడగానే ఆ మొహంలోకి రక్తం తిరిగి వచ్చినట్టయింది. బాగున్న చేత్తో దాని తెల్లకాలు పట్టుకుని, నొక్కి చూసి, "అమ్మా, నిజంగానే ఇది దిండు మీద పడుకునేదా?" అని అడిగింది.

తల్లి ముసలావిడ వైపు చూసింది.

"పడుకునేది తల్లీ," అంది అత్తగారు. "వెచ్చగానే పడుకునేది."

మందుల షాపు ఆవిడ ఆ ముసలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆవిడకు ఏం అర్థమైందో ఏమో, కళ్ళు తుడుచుకుని, "గౌను నేనే వచ్చి తీసుకుంటాను అక్కా," అంది టైలరమ్మతో. అని పాప వెనకాలే లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటి ముందు భర్త కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తల్లిని చూసి ప్రాణం లేచొచ్చినా, కోపమంతా భార్య మీదికే మళ్ళింది. సంచీ ఖాళీగా ఉండటం చూసి, నీ పంతమే నెగ్గించుకున్నావా అని మొదలుపెట్టాడు.

"దాన్నేమీ అనకురా," అంది తల్లి. "ఇచ్చింది నేను. గోడవైపు తిరిగి పడుకున్నాను గానీ, నా ఒళ్ళు తుడిచే చేతులు ఎవరివో తెలియనంత పిచ్చిదాన్ని కాను. ఒక కూతురు పోయిందని మూలుగుతూ కూర్చున్నాను. ఇంకో కూతురు నా కళ్ళముందే వాడిపోతుంటే చూడలేదు."

అతను తల దించుకున్నాడు. భార్య వైపు చూడటానికి అతనికి మొహం చెల్లలేదు.

అత్తగారు మంచం దగ్గరికి వెళ్ళలేదు. వంటగదిలోకి వెళ్ళింది. నేలమీద మూలగా కూన పాలు తాగిన గిన్నె ఉంది. వంగి దాన్ని తీసింది. కడుగుదామని కొళాయి విప్పింది. చెయ్యి అలాగే ఆగిపోయింది... కూతురు పోయిన రోజున కూడా బయటికి రాని ఏడుపు, ఆ చిన్న గిన్నె పట్టుకుని, ఒక్కసారిగా కట్ట తెగినట్టు వచ్చింది.

కొడుకు భయపడి ముందుకు రాబోయాడు. టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఏడవనివ్వండి," అంది. కొళాయి కట్టేసి, అత్తగారిని మెల్లగా నేలమీద కూర్చోబెట్టి, ఆవిడ తలను తన భుజం మీదికి తీసుకుంది. అత్తగారు చిన్నదాని పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తూనే ఉంది. వీధి తలుపు దగ్గర ఎవరో బట్టల కోసం వచ్చి పిలుస్తున్నారు. టైలరమ్మ పలకలేదు, లేవలేదు.