పన్నెండో తుపాకీ

చీకటి పడ్డాక ఆ స్టూడియోలో ఆయుధాల గది వైపు ఎవరూ పోరు. లండన్ పొలిమేరలో, రెండు షూటింగ్ షెడ్ల మధ్య ఇరుక్కున్న గది అది. అక్కడ ముప్పయ్యేళ్లు పనిచేసిన ఆల్ఫ్ ప్రింగిల్ ఒక సాయంత్రం తుపాకులు లెక్కపెడుతూనే ప్రాణం విడిచాడు. ఆ లెక్క తేల్చుకోవడానికి ఇప్పటికీ వస్తుంటాడని చెప్పుకుంటారు.

ఆల్ఫ్ ఉన్న రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. షూటింగ్ అయిపోయినా ఒక్కరూ కదలకూడదు. ఆయన ప్రతి తుపాకీకీ గడియలా ఉండే బోల్టుని వెనక్కి లాగి, గుండు పెట్టే చోట చిటికెనవేలితో తడిమి చూసేవాడు. ఆఖరిది స్టాండులో పెట్టాక, "సరే, ఇళ్లకు పొండి నాయనా," అనేవాడు. అప్పుడే గేటు తెరిచేవాళ్లు.

ఆయన తర్వాత ఆ పని శిష్యుడు క్లిఫర్డ్ హాచ్ చేతికొచ్చింది. క్లిఫర్డ్‌కి దెయ్యాల మీద నమ్మకం లేదు. ఆ సాయంత్రమైతే మనుషుల మీద కూడా లేదు. అంత ఒళ్లుమంట మీద ఉన్నాడు.

మరి ఉండదా? సినిమాలో విక్టోరియా రాణి కాలపు సైనికులు భూగర్భంలోకి దిగి, రాక్షసబల్లులతో, పచ్చతోలు మనుషులతో పోరాడతారు. వాళ్ల కోసం క్లిఫర్డ్ తెచ్చిన పన్నెండు తుపాకులూ అసలైనవి, నిజంగా యుద్ధాలు చూసినవి. వాటి వంక చూసిన నాథుడు లేడు. అందరి కళ్లూ పచ్చమనుషుల కిరణాల తుపాకీ మీదే! ఇల్లూడ్చే మిషను గొట్టానికి కారు లైటు తగిలించిన సరుకు అది. దాని బల్బు మాడిపోయిందని డైరెక్టరు మధ్యాహ్నమంతా క్లిఫర్డ్‌ని దులిపేశాడు.

"బల్బులు మార్చడానికి నేనేమన్నా కరెంటు మేస్త్రీనా?" అని గొణుక్కుంటూ అతను స్టాండు ముందు నిలబడి, కంటితోనే లెక్కపెట్టాడు. పన్నెండు. పుస్తకంలో సంతకం గీకి తాళం వేశాడు. ఆ రోజు బోల్టులు లాగలేదు.

పొద్దున పోలీసు అధికారి తనిఖీకి వస్తాడు. ఒక్క తుపాకీ తగ్గినా లైసెన్సు పోతుంది, దాంతో క్లిఫర్డ్ బతుకుతెరువూ పోతుంది. అయినా పన్నెండూ ఉన్నాయి కదా...

పొగమంచులో గేటు దాకా వచ్చాడో లేదో — వెనక నుంచి చప్పుడు. టక్... టక్...

ముసలి కాపలాదారు రెజ్ టీ కప్పు కింద పెట్టాడు. "మొదలెట్టాడయ్యా మీ గురువు," అన్నాడు గుసగుసగా.

"ఎలుకలు."

"ఎలుకలు బోల్టులు లాగుతాయా?"

వద్దనుకుంటూనే క్లిఫర్డ్ లెక్కపెట్టాడు. పదకొండు చప్పుళ్లు. ఆగింది... మళ్లీ మొదటి నుంచి. పదకొండు. మళ్లీ ఆగింది.

"పదకొండేంటి? పన్నెండున్నాయి. నేను చూశా."

"నాకెందుకు చెప్తావ్? పోయి ఆయనకి చెప్పుకో."

చెప్పడానికే పోయాడు క్లిఫర్డ్. భయం కన్నా విసుగే ఎక్కువగా ఉంది. తాళం తీసి టార్చి వేశాడు. నూనె వాసన, వరసగా తుపాకులు... మనిషి జాడ లేదు.

"పన్నెండు, చూసుకో," అని ఖాళీ గదిలో అరిచాడు. "చచ్చాక కూడా నా పని నమ్మవా? నన్ను ఇంటికి పోనివ్వవా?"

ఆ కోపంలోనే ఒక్కో బోల్టూ లాగుతూ పోయాడు. తొమ్మిది... పది... పదకొండు...

పన్నెండోది కదల్లేదు. గట్టిగా గుంజాడు — తుపాకీ మొత్తం వంగింది.

రబ్బరుది! సైనికుడు బురదలో పడే సీను కోసం అచ్చుపోసింది. రంగులేసే హేజెల్ చెక్క చారలతో సహా అచ్చం అసలుదానిలా దించేసింది. ఎవడో వేషగాడు తొందరలో దీన్ని స్టాండులో పెట్టి, అసలుదాన్ని సీనులోకి పట్టుకుపోయాడు. మరి అసలుది...

బురదగుంటలో! తెల్లారి ఆరింటికి ఆ సెట్టు పీకి, లారీల్లో చెత్తకుప్పకి తోలేస్తారు.

పరుగెత్తాడు. రెజ్ టార్చి పట్టుకుంటే, మోకాళ్లలోతు చల్లటి బురదలో దిగి చేతులతో కెలికాడు. అట్టతో చేసిన రాక్షసబల్లి పొట్ట కింద దొరికింది. దాన్ని గుండెలకి హత్తుకుంటే ఏడుపొచ్చింది. దొరికినందుకో, తన నిర్లక్ష్యానికో అతనికే తెలియలేదు.

కడిగి, తుడిచి, నూనె రాశాడు. ఈసారి పన్నెండు బోల్టులూ లాగాడు, పన్నెండింటిలోనూ చిటికెనవేలు పెట్టాడు. ఇందాకటి సంతకం కొట్టేసి, కింద మళ్లీ చేశాడు. రబ్బరుదాన్ని బయట పారేసి తాళం వేశాడు.

తాళంచెవి ఇంకా చేతిలోనే ఉంది. మూసిన తలుపు వెనక — టక్...

ఇద్దరూ లెక్కపెట్టారు. పది... పదకొండు... రెజ్ అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

టక్.

తర్వాత లోపల్నుంచి, బాగా అలిసిపోయిన గొంతు —

"సరే... ఇళ్లకు పొండి నాయనా."