బందీలను చంపని మనిషి

సాయంత్రం 5:10. హాన్‌డాన్ నగరం. రైల్వే క్వార్టర్స్, మూడో అంతస్తు.

టాన్ గువాంగ్ కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడు. వయసు అరవై మూడు. రిటైరైన రైలు డ్రైవర్. వెనకనుంచి కొట్టిన దెబ్బకి పుర్రె రెండుగా చీలింది. బల్ల కింద అతని డంబెలే, నెత్తుటి ముద్దలా ఉంది.

కంప్యూటర్ తెరమీద ఒక నగరం తగలబడుతోంది. రెండు వేల ఏళ్ళ కిందటి యుద్ధాల గేమ్ అది. అందులో టాన్ జావ్ రాజ్యానికి రాజు. ఆ రాజ్యానికి రాజధాని ఈ హాన్‌డానే.

"చావు రెండుకీ నాలుగున్నరకీ మధ్య" అన్నాడు డాక్టర్.

ఇన్‌స్పెక్టర్ మియావ్ లాన్ వాచ్‌మన్ న్యూని పిలిచింది.

"పొద్దున టాన్‌తో గొడవపడ్డావట?"

"సైకిల్ అడ్డం పెట్టాడని మేడమ్! దానికి తల పగలగొడతానా?"

"చివరగా ఎప్పుడు చూశావు?"

"పొద్దున గొడవ తర్వాత చూళ్ళేదు. నాలుగింటికి కూడా లోపల యుద్ధభేరీలు మోగుతున్నాయి. సౌండ్ తగ్గించన్నా అని తలుపు కొట్టా. పలకలేదు."

పక్క ఫ్లాట్ ఫెంగ్ ఖువో లారీ మెకానిక్. తల్లితో ఉంటాడు. అడక్కుండానే చెప్పాడు.

"మూడింటినుంచి గ్యారేజీలో ఉన్నా. కెమెరా చూస్కోండి. ముసలాడికి రాజ్యం పిచ్చి!"

కెమెరాలో నిజంగానే ఉన్నాడు. 2:58కి వీధి చివరి గ్యారేజీలోకి వెళ్ళాడు.

"వాచ్‌మన్‌ని లోపలేద్దామా మేడమ్?" ఎస్సై దౌ ఉత్సాహపడ్డాడు.

"ఆగు."

ఆమె గేమ్‌లోని యుద్ధాల చిట్టా తెరిచింది. పద్నాలుగు నెలల ఆట. ఒక్కో యుద్ధం చదివింది. తర్వాత న్యూని అడిగింది.

"పట్టుబడ్డ సైనికులని టాన్ ఏం చేసేవాడు?"

"వదిలేసేవాడు. అందుకే ఓడిపోయేవాడు కూడా. 'అప్పట్లో శత్రువులు చిన్ సైన్యం పట్టుబడ్డ మన జావ్ వాళ్ళని బతికుండగానే గోతుల్లో పూడ్చింది, నేను ఆ పాపం చెయ్యను' అనేవాడు."

6:40కి అందరినీ ఆ గదిలోనే నిలబెట్టింది.

"2:52. నలభై వేలమంది బందీల సజీవ సమాధి. పద్నాలుగు నెలల్లో ఇదొక్కటే. ఆ ఆజ్ఞ టాన్‌ది కాదు. టాన్ ఇంకా ఆడుతున్నాడనిపించేలా ఎవరో రాజ్యాన్ని గేమ్‌లో తనంతట తానే ఆడే మంత్రికి అప్పగించారు. ఆ మీట ఇంకా నొక్కే ఉంది. రాజు లేకుండానే నాలుగున్నరదాకా యుద్ధం నడిచింది. న్యూ విన్న భేరీలవే. 2:52కి ముందే టాన్ చచ్చిపోయాడు. మూడింటినుంచి గ్యారేజీలో ఉన్నానంటే చెల్లదు."

ఫెంగ్ నవ్వాడు. "అయితే నేనేనంటారా? సాక్ష్యమేది?"

"మౌస్ మీద ఒక్క వేలిముద్రా లేదు. టాన్‌ది కూడా. పోయినవాడు లేచి తుడిచాడా?"

"అది సాక్ష్యమా?"

"నేను చూశాను."

గుమ్మంలో ఫెంగ్ తల్లి షూ.

"నోర్ముయ్యవే!" ఫెంగ్ ఆమె మీదికి దూకాడు. దౌ కాలు అడ్డం పెట్టాడు. ఫెంగ్ మొహం గోడకి కొట్టుకుని పన్ను ఊడింది. అయినా తన్నుతూనే ఉన్నాడు. ముగ్గురు పట్టుకుంటే గానీ సంకెళ్ళు పడలేదు.

షూ చెప్పింది. "ఇవాళ వీడు నన్ను బెల్టుతో కొడుతుంటే తమ్ముడిలాంటి టాన్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. మళ్ళీ కొడితే పోలీసులకి చెబుతానన్నాడు. వెళ్ళి ఆటలో కూచున్నాడు. వీడు వెనకే ఆ గదిలోకి వెళ్ళడం చూశాను. తిరిగొచ్చి, నోరు విప్పితే నాకూ అదే గతి అన్నాడు."

కొడుకుని మెట్లమీంచి ఈడ్చుకెళ్తుంటే ఆమె అటు చూడలేదు. టాన్ మీద కప్పిన గుడ్డ సరిచేసింది.

మియావ్ కాగితం, పెన్ను తీసింది. "కూర్చోండమ్మా. రాసుకుంటాను."

"ఇవాళ్టిదే చెప్పాలా?" అడిగింది షూ. "పదకొండేళ్ళదీ చెప్పనా?"