పడుకోబెట్టే మనిషి

చుట్టాలు రోగుల్ని చూడ్డానికొచ్చే వేళంటే నాకు ఒళ్ళుమంట. నర్సుగా ఇన్నేళ్ళు చేశాక రోగులంటే విసుగు రాలేదు కానీ, వాళ్ళ చుట్టాలంటే వచ్చింది. ఒకాయన మంచమ్మీదే చతికిలబడతాడు, ఒకావిడ సెలైన్ గొట్టం మీద కాలేస్తుంది, ఇంకొకరు నన్ను పనిగట్టుకుని పిలిచి ఫ్యాను స్విచ్ ఎక్కడని అడుగుతారు. ఆ సాయంత్రమూ అంతే. బయట గాలిదుమారం, దాని వెనకే వాన. కిటికీలు మూసేసరికి వార్డంతా తడి గొడుగుల వాసన, ఫినాయిల్ వాసన కలిసి ఊపిరాడకుండా చేశాయి.

అప్పుడే టైలరమ్మను తీసుకొచ్చారు. ఆస్పత్రి ఎదురుగా మిషను పెట్టుకుంది. మా యూనిఫారాలన్నీ ఆమే కుడుతుంది, నా నడుము కొలత పెరిగినప్పుడల్లా నవ్వుతుంది కూడా. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. రెండు రోజులుగా జలుబు, దానికి తోడు గుడ్డల దుమ్ము, ఆ పైన ఈ గాలి. పీల్చే మందు ఎప్పుడో అయిపోయింది. తెస్తాను తెస్తానంటూ మొగుడు మర్చిపోయాడట.

మంచం అంచున రెండు చేతులూ ఊని ముందుకు వంగి కూర్చుంది. ఊపిరి ఊపిరికీ భుజాలు పైకి లేస్తున్నాయి. పిల్లికూతలు గుమ్మం దాకా వినిపిస్తున్నాయి.

"సిస్ట...రమ్మా... ఆడ...ట్లేదు..."

ఉబ్బసం ముదిరితే మాట కూడా ముక్కలైపోతుంది. లోపలి గొట్టాలు వాచి, బిగిసి, కఫంతో పూడుకుపోతాయి. పీల్చిన గాలి బయటికి పోదు. అది పోకముందే ఇంకో ఊపిరి కావాలి. ఛాతీ నిండా గాలి ఉంచుకుని కూడా మనిషి గాలి కోసం కొట్టుకుంటుంది.

మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టాను. ఆక్సిజన్‌తో పాటు మందు పొగలా వచ్చే మాస్కు తగిలించాను. వేలికి క్లిప్పు పెట్టాను. డాక్టరుగారు వచ్చి చూసి, ఇంజెక్షన్ చెప్పి, పై అంతస్తులో ఇంకో కేసుందని పరిగెత్తారు. మందు నరంలోకి ఎక్కించి, ఆమె భర్త వైపు తిరిగాను.

"పడుకోబెట్టొద్దు. మాస్కు తియ్యొద్దు. అర్థమైందా?"

"అర్థమైందండీ."

అర్థమైందనే వాళ్ళతోనే నాకు భయం.

పక్క మంచం సెలైన్ మార్చి వచ్చేసరికి టైలరమ్మ మంచం చదునుగా ఉంది. మాస్కు గడ్డం కిందకి దిగింది. తల దగ్గర ఒక పెద్దావిడ, బూడిదరంగు శాలువా కప్పుకుని, పసిపిల్లను జోకొట్టినట్టు ఆమె ఛాతీ మీద తడుతోంది.

"ఎవరండీ పడుకోబెట్టింది?"

"అలిసిపోయింది తల్లీ," అంది పెద్దావిడ గుసగుసగా. "కాస్త కునుకు తియ్యనీ."

"కునుకు కాదు, ప్రాణం పోతుంది! జరగండి!"

మళ్ళీ ఎత్తాను, మళ్ళీ మాస్కు పెట్టాను. భర్తకి చీవాట్లు పెడితే తల దించుకుని నిలబడ్డాడు. ఇంకో డోసు మందు తేవడానికి గది మూలకి వెళ్ళి తిరిగానో లేదో, మంచం మళ్ళీ చదును! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. కోపంతో ఏడుపొచ్చింది. మందు ఉంది, ఆక్సిజన్ ఉంది, చెయ్యడం తెలిసిన మనిషిని నేనున్నాను. అయినా ఈ పిల్ల నా చేతుల్లోంచి జారిపోతోంది, ఎవరిదో అతిప్రేమ వల్ల.

కరెంటు పోయింది.

చీకట్లో పిల్లికూతలు మాత్రం వినిపిస్తున్నాయి. సన్నగా... ఇంకా సన్నగా... ఆగిపోయాయి.

"హమ్మయ్య!" అన్నాడు భర్త. "తగ్గినట్టుందండీ. చప్పుడే లేదు."

ఉబ్బసంలో కూత ఉన్నంత సేపూ గాలి ఎంతో కొంత కదులుతున్నట్టే. కూత ఆగి మనిషి వాలిపోయిందంటే తగ్గడం కాదు. గాలికి దారే లేదని.

"డాక్టరుగారిని పిలవండి! పరిగెత్తండి!" అని అరిచి, తడుముకుంటూ స్టెతస్కోపు ఆమె ఛాతీకి ఆనించాను. ఏమీ లేదు. ఇటువైపు లేదు. అటువైపు లేదు. ఇంకాస్త అదిమాను.

లోపలి నుంచి వినిపించింది.

"ష్... ష్... నిద్రపో..."

చెవులకున్నది లాగేశాను. వార్డులో ఎవరూ మాట్లాడటం లేదు. నా మణికట్టు పక్కనే ఏదో మెత్తగా తడుతున్న చప్పుడు. తోసెయ్యబోతే నా చేతికి ఏమీ తగల్లేదు. ఆమెను రెండు చంకల కిందా పట్టుకుని లేపి, నా భుజానికి ఆనించుకుని కూర్చోబెట్టాను. బరువుగా ఉంది... ఇద్దరు మనుషులంత బరువుగా.

లైట్లు వచ్చాయి. డాక్టరుగారూ వచ్చారు. ఇంకో మందు సెలైన్‌లో ఎక్కించారు, మాస్కుకి గాలిసంచి తగిలించి నొక్కుతూ ఊపిరి అందించారు. చాలాసేపటికి, తుప్పుపట్టిన తలుపు తెరుచుకున్నట్టు, కీచుమని ఒక కూత వచ్చింది. నా జన్మలో అంత తియ్యటి కూత వినలేదు.

అప్పుడు భర్త మీద విరుచుకుపడ్డాను. "మీ పెద్దావిడ్ని ముందు బయటికి పంపండి!"

అతను తెల్లబోయాడు. "మా మనిషి కాదండీ. మీ ఆయా అనుకున్నాను. జరగండని మీరు అరుస్తుంటే, మీ మనిషి మీదే అరుస్తున్నారనుకున్నాను."

మా వార్డులో ముసలి ఆయాలెవరూ లేరు. చుట్టూ చూశాను. ఆవిడా లేదు.

టైలరమ్మ కోలుకుంది. మందు ఎలా పీల్చాలో నేర్పించి, వార్డులో ఉన్నదానితో నా ఎదుట చేయించి, దారిలోనే మందు కొంటానని భర్త చేత ఒట్టేయించుకుని ఇంటికి పంపాను. ఇంటికెళ్ళిన వాళ్ళకి మర్నాడు సాయంత్రం ఫోన్ చెయ్యడం మా వార్డు అలవాటు. చేశాను. ఆమె అత్తగారు ఎత్తారు.

"వాడు మందుల షాపుకి వెళ్ళాడమ్మా. ఆ పీల్చేది తేవడం నిన్న మర్చిపోయాడు."

నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "అమ్మాయి ఎలా ఉందండీ?"

"మధ్యాహ్నం నుంచి కాస్త ఆయాసపడింది. ఇప్పుడు పర్లేదు, కూతలు కూడా ఆగిపోయాయి. హాయిగా పడుకుంది."

"ఎవరు... పడుకోబెట్టారు?"

"అదేంటమ్మా? మీరే పంపారటగా. శాలువా కప్పుకున్న పెద్దావిడ... ఎంత ఓపికో!"

"లేపండి! కూర్చోబెట్టండి! ఇప్పుడే!" ఫోన్ చెవిదగ్గర పెట్టుకునే, అంబులెన్స్ పంపమని తోటి నర్సుకి కేకేశాను.

అత్తగారు ఫోన్ కింద పెట్టి వెళ్ళడం వినిపించింది. అడుగులు. తలుపు చప్పుడు. "అమ్మాయ్?" ఒక్కసారే పిలిచారు.

తర్వాత ఆవిడ గొంతు కూడా వినపడలేదు.

"హలో... హలో..." అని అరుస్తూనే ఉన్నాను. ఫోన్‌కి బాగా దగ్గరగా, మెత్తగా, తాపీగా, ఎవరో జోకొడుతున్నారు.