రీలు తిప్పని ఫోటో

"ఓయ్ బాబూ! ఆ డబ్బా దించు! దించమంతన్నానా!"

అప్పటికే నొక్కేశాను.

డెబ్బై తొమ్మిది అక్టోబరు, ఆదివారం పొద్దున్న. జాలరిపేట ఒడ్డున నావ నీళ్లలోకి దిగుతోంది. దాని మీద తెడ్డు పట్టుకుని ఛాతీ విరుచుకు నిలబడ్డవాడు అప్పలసూరి. "బావా, నాకో ఫోటో కొట్టు" అని అడిగింది వాడే. అరుచుకుంటూ ఇసకలో పరుగెత్తుకొస్తున్నది వాడి చెల్లెలు గౌరీశ్వరి.

నా పేరు కొండలరావు. పోర్టు ఆఫీసులో గుమాస్తాని. మాది పెందుర్తి. ఇంట్లో అందరికీ పొలం తెలుసు, సముద్రం తెలీదు. కొత్తగా కొన్న డబ్బా కెమెరా భుజాన వేసుకుని ఆరు ఆదివారాలుగా కెరటాల ఫోటోలకని ఇక్కడికి వస్తున్నాను. కెరటాలు విశాఖపట్నంలో ఎక్కడైనా ఉంటాయి. గౌరి మాత్రం జాలరిపేటలోనే ఉంటుంది.

ఆరు ఆదివారాలకి ఆమె నాతో ఆడిన మొదటి మాట అది.

"నావెక్కిన మనిసికి ఫోటో తీత్తావేటి? బుద్దుందా నీకు?"

"మీ అన్నయ్యే అడిగాడండీ."

"ఆడు సముద్రంలో దూకమంతే దూకుతావేటి?"

"నాకు ఈత రాదండీ."

ఉన్నమాటే చెప్పాను. ఆమె పెదవి చివర నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. కళ్లు మాత్రం నావ మీదే ఉన్నాయి.

"మా ఇంట్లో ఒకే ఒక్క ఫోటో ఉంది. మా నాన్నది. ఇలాగే నావెక్కినప్పుడు ఎవులో తీసినారు. ఆ ఫోటో కడిగి తెచ్చీసరికి మా నాన్న సముద్రంలో పోనాడు. దండెయ్యడానికి పనికొచ్చింది. నావ మీదున్న మగోడికి ఫోటో తియ్యకూడదని అప్పట్నించి మా మామ్మ కట్టడి."

సముద్రం వైపు చూశాను. నావ అప్పటికే దూరంలో అరచెయ్యంత అయిపోయింది.

"మరిప్పుడు ఏం చెయ్యమంటారు?"

"రేపు సాయంకాలానికి వత్తాడు. ఆడు ఒడ్డుకొచ్చీదాకా ఆ ఫోటో కడక్కు. ఆ డబ్బాలోనే ఉండనీ. మాటియ్యి."

చెయ్యి చాపింది. చేపల పొలుసులంటుకున్న చల్లటి చెయ్యి. అందులో నా చెయ్యి వేసి, "మాట" అన్నాను. ఆ మాటలో భయమెంతో, ఇంకొకటి ఎంతో నాకే తెలీదు.

ఆమె వెళ్లిపోయాక కూడా నాలుగు గుడిసెల అవతల్నించి నన్నే చూస్తోంది. నిజంగా కెరటాల కోసమే వచ్చానని చూపించుకోవడానికి, అక్కడున్న నల్లరాయి మీద విరుచుకుపడుతున్న పెద్ద కెరటాన్ని ఒకటి తీసేసి, వెనక్కి చూడకుండా బస్సెక్కాను.

ఇక్కడ నా కెమెరా సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఫోటో తీశాక పైనున్న మర మనమే తిప్పాలి. రీలు జరిగి, వెనక ఎర్ర గాజులో తర్వాతి అంకె కనబడాలి. తిప్పకపోతే అది గుర్తు చెయ్యదు. నోరు మూసుకుని కూర్చుంటుంది.

ఇంకొక సంగతి నా గురించి. కొత్తగా ఫోటోల పిచ్చి పట్టినవాడికి కడగని రీలు ఇంట్లో ఉంటే అన్నం సయించదు. సోమవారం సాయంత్రానికి అప్పలసూరి ఎలాగూ వచ్చేస్తాడు. మధ్యాహ్నం కడిగితే కొంపలు మునుగుతాయా అనుకున్నాను. భోజనాల వేళ స్టూడియో జగ్గారావు దగ్గరికి వెళ్లి రీలు అతని చేతిలో పెట్టాను. మాట తప్పడం అంత తేలిక.

చీకటి గదిలో ఎర్ర బల్బు కింద కాగితం నీళ్లలో ఊగుతోంది. మొదట తెడ్డు కనబడింది. తర్వాత అప్పలసూరి నవ్వు. ఆ తర్వాత వాడి తల మీంచి, ఛాతీ మీంచి, నురగ కక్కుతూ పెద్ద కెరటం.

వాడు నీళ్లలో మునిగి ఉన్నాడు. నవ్వుతూ మునిగి ఉన్నాడు.

"రీలు తిప్పడం మరిసిపోనావు బావా" అన్నాడు జగ్గారావు తాపీగా. "ఒకదాని మీద ఒకటి పడిపోనాది. అది సరే గానీ, కెరటాలని సెప్పి తెచ్చినావు, దేంట్లో సూసినా మూల ఈ గుంటే ఉందేటి, ఎవులీ పిల్ల?"

నేను నవ్వలేదు. ఎందుకు మరిచిపోయానో నాకు తెలుసు. ఆమె కేకకి బెదిరిపోయి మర తిప్పలేదు. ఇది కెమెరా తప్పు కాదు, శకునమూ కాదు, నా తప్పు. బయటికొచ్చేదాకా ఆ మాటే అనుకున్నాను.

బయట ఆకాశం బొగ్గులా ఉంది. ఆఫీసుకి చేరేసరికి పోర్టులో మూడో నెంబరు ప్రమాద సూచిక ఎగరేస్తున్నారు. తుపాను. వేటకెళ్లిన నావల మాట ఎవరో అడిగారు. జేబులో ఫోటో నిప్పులా తగిలింది.

సాయంత్రం జాలరిపేటలో వాన దంచుతోంది. వచ్చిన నావలన్నీ ఒడ్డు మీదికి లాగేశారు. అప్పలసూరి నావ లేదు. గోనెపట్టా కప్పుకుని సముద్రం వంక చూస్తూ కూర్చుంది వాళ్ల మామ్మ అసిరమ్మ. గౌరి నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. జుట్టంతా మొహానికి అంటుకుపోయింది.

"ఫోటో కడగనేదు కదా?"

ఆ కళ్లలోకి చూసి నిజం చెప్పగలిగేవాడు వేరే ఉంటాడు.

"లేదు" అన్నాను.

"మామ్మా! కడగనేదంట! అయితే అన్నయ్య వత్తాడు!"

ముసలామె లేచి వచ్చి, తడిసిన చేత్తో నా గడ్డం పట్టుకుని, "సల్లగుండు నాయనా" అంది. నేను అక్కడ నిలబడలేకపోయాను. వాళ్ల ధైర్యమంతా నా అబద్ధం మీద కూర్చుంది.

మంగళవారం పొద్దున్న వాన తగ్గింది. గాలి తగ్గలేదు. నావ రాలేదు. సెలవు పెట్టి నేరుగా వెళ్లాను. గౌరి నల్లరాయి దగ్గర ఒక్కతే నిలబడి ఉంది. రాత్రంతా అక్కడే ఉన్నట్టుంది.

"నిన్న నీతో అబద్ధమాడాను గౌరీ. కడిగించేశాను."

గౌరి చెయ్యి చాపింది. మొన్న మాట తీసుకున్న చెయ్యే. అందులో ఫోటో పెట్టాను.

చూసింది. ఆమె మొహం పాలిపోయింది. ఇప్పుడు పడిపోతుందేమో, ఇప్పుడు కొడుతుందేమో, ఈ జన్మకి మరి నా మొహం చూడదేమో అని భయపడ్డాను. రీలు తిప్పలేదని, ఆ కెరటం తర్వాత తీసిందని ఏదేదో వాగాను. విన్నదో లేదో తెలీదు. ఫోటో కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదేటి, ఈ నల్లగా ఉన్నది?"

"రాయి. ఇదే రాయి."

"లోతు నీల్లలో కెరటం ఇలాగ ఇరగదు. లోన నీరు కొండలా లేత్తాది, దిగుతాది. ఇలాగ నురగై ఇరిగితే అది ఒడ్డు కెరటం." ఫోటోలో వాడి మొహం మీద వేలు పెట్టింది. "మా అన్నయ్య ఒడ్డు కెరటంలో ఉన్నాడు. అంటే ఒడ్డుకొచ్చీసినాడు."

ఆమె అది నమ్ముతోందో, నమ్మాలనుకుంటోందో తెలీలేదు. నేను కూడా నమ్మాను. అంతకంటే చెయ్యగలిగింది లేదు.

"నిన్న అబద్దమాడి దైర్యం సెప్పినావు. ఇయాల నిజం సెప్పి బయపెట్టినావు. నిన్నేటి సెయ్యాల?"

"ఏం చేసినా సరే."

"అయితే ఆడొచ్చీదాకా ఇక్కడే నిలబడు."

నిలబడ్డాను. ఈత రానివాణ్ణి, మోకాలిదాకా వస్తున్న నీళ్లలో, ఆమె పక్కన. ఎండ మొహం చూపించే వేళకి రోడ్డు మీద ఉప్పు లారీ ఒకటి ఆగింది. అందులోంచి తెడ్డు ముందు దిగింది, దాని వెనక అప్పలసూరి. గాలికి కొట్టుకుపోయి పరవాడ అవతల ఒడ్డున పడ్డారట, నావ చీలిందట, మనుషులకేమీ కాలేదట. గౌరి వాణ్ణి వాటేసుకుని ఏడ్చి, ఆనక రెండు చేతులా గుద్దింది. వాడు నా వైపు తిరిగి, "బావా, నా ఫోటో బాగా వచ్చిందా?" అన్నాడు.

నేను ఇసకలో కూలబడిపోయాను.

పై ఆదివారం కెమెరా తీసుకెళ్లాలో వద్దో తేలక, తీసుకెళ్లి, సంచిలోంచి తియ్యకుండా నిలబడ్డాను. అసిరమ్మే పిలిచింది.

"ఓరి ఫోటోల బాబూ, మా గుంటడికి తియ్యి. రెండు కాల్లూ ఇసక మీదున్నాయో నేదో సూసుకుని మరీ తియ్యి."

చూసుకుని తీశాను. వెంటనే మర తిప్పాను. ఎర్ర గాజులో అంకె రెండుసార్లు చూసుకున్నాను.

"ఇప్పుడు నాకు" అంది గౌరి. "మూల కాదు. మద్దెలో తియ్యి."

నా మొహం వేడెక్కింది. "మూల అని ఎవరు చెప్పారు?"

"ఆ స్టూడియో జగ్గారావు మా అన్నయ్యతో సెప్పినాడు. కెరటాలు తీత్తన్నాడంట, కెరటాలు!"

నల్లరాయికి ఆనుకుని నిలబడింది. తీశాను. అలవాటుగా నా వేళ్లు మర మీదికి వెళ్లాయి.

"తిప్పకు."

వచ్చి కెమెరా నా చేతిలోంచి తీసుకుంది.

"ఎల్లి నాను నిల్చున్నకాడ నిల్చో. కుసింత పక్కకి."

"గౌరీ, తిప్పకపోతే రెండూ ఒకదాంట్లోనే పడతాయి."

"తెల్సు."

తుపాను నాడు కూడా నా గుండె అలా కొట్టుకోలేదు. వెళ్లి నిలబడ్డాను. గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్న అసిరమ్మ మమ్మల్ని చూసింది, తల దించుకుని వల పని చూసుకుంది. గౌరి నొక్కింది. వచ్చి కెమెరా నా మెడలో వేసింది.

"ఇప్పుడు తిప్పు" అంది. "ఇది మాత్రం రేపే కడిగించు."