మూడో పిలుపు

షాద్‌నగర్ శివారులో, రైలుకట్టకు అవతల ఉన్న ఆ రేకుల షెడ్డు పేరెత్తితే, పొద్దుగూకాక బండ్లవాళ్ళు కూడా చుట్టుదారి పట్టేవారట. అరవై రెండులోనో మూడులోనో జరిగిన మాట. దాని గడపకు రాసిన పసుపు రాత్రివేళ నెత్తురులా ఎర్రబడుతుందనీ, తెల్లవారేసరికి ఆ ఎరుపు ఆనవాలు లేకుండా పోతుందనీ చెప్పుకొనేవారు. కాపలాదారు భిక్షం ఒక ఉదయం అక్కడే శవమై కనిపించాడు. నాటి నుంచి ఆ ఎరుపు అతనిదే అన్నారు.

భిక్షం స్థానంలో కురుమయ్య కుదిరాడు. గొర్రెల మంద రోగమొచ్చి పోయింది. మరో దారి లేదు.

చూడబోతే పని తేలికే. ఉక్కు ఇరుసులను పెద్ద ఇనుప పీపాలో పేర్చి, మూత బిగించి, కింద వేడి పెట్టి, లోపలికి అమ్మోనియా గ్యాసు పంపుతారు. అది ఉక్కు పైపొరలోకి ఇంకి, ఆకురాయికి కూడా లొంగనంత గట్టిగా చేస్తుంది. అందుకు అరవై గంటలు పడుతుంది. పీపా నుంచి బయటికి వచ్చే గొట్టం చివర, గాజుసీసా నీళ్ళలో బుడగలు ఆగకుండా చూడటమే కురుమయ్య కొలువు. అవి ఆగితే సరుకంతా పాడు.

రెండో రాత్రి అతని భార్య జానమ్మ సద్ది తెచ్చింది. ముందుగా గిన్నెలో తెచ్చిన తడి పసుపుతో గడపంతా అలికింది. లోపల కురుమయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇంట్ల ఉల్లిగడ్డ కొయ్యమంటే కొయ్యవు. ఈడ ఉత్తగనే ఏడుస్తున్నవ్."

"నిన్నటిసంది మండుతనే ఉన్నయే... ఇయ్యాల జర ఎక్కువున్నది."

ఆమె నవ్వబోయి... ఆగిపోయింది. కందిలి వెలుగులో, చూస్తుండగానే, గడప ఎర్రబడుతోంది.

"అడుగు బయట పెట్టకు," అని గుసగుసలాడింది. "భిక్షం గడప మీద నిలవడ్డడు. దాటితే ఎంబడి వడ్తడు."

"కండ్లు తెరవరాకుంటున్నది... జరసేపు బయటికొస్తనే."

"వద్దు. తెల్లారేదాంక ఓర్చుకో."

తలుపు లాగి, బయట గొళ్ళెం పెట్టింది. పది అడుగుల దూరంలో కందిలి ముందు పెట్టుకుని, మగనికి తానే కాపలాగా కూర్చుంది.

నడిరేయి దాటింది. లోపల దగ్గు... ఆగని దగ్గు. తరువాత —

"జానమ్మా..."

అయినవాళ్ళ గొంతుతో దయ్యం రెండుసార్లే పిలుస్తుందని చిన్ననాడు అవ్వ చెప్పింది. మూడో పిలుపు మనిషిది, దానికే పలకాలి. జానమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"జానమ్మా... తియ్యే..."

రెండు. ఆమె సగం లేచి నిలబడింది. చెవులు రిక్కించింది. తలుపు మీద గోళ్ళు గీరిన చప్పుడు... కిందికి... ఇంకా కిందికి...

మూడో పిలుపు రాలేదు.

దయ్యమే — అనుకుని, ఆమె నిమ్మళంగా కూర్చుంది.

ఉదయం ఇంజనీరు రఘుపతి వచ్చి గొళ్ళెం తీశాడు. తలుపుకు ఆనుకుని ఉన్న కురుమయ్య అతని కాళ్ళ మీదికి ఒరిగాడు. గడప మళ్ళీ పచ్చగా ఉంది.

లోపల గాలి ఆడనిచ్చి, ముక్కుకు రుమాలు కట్టుకుని, రఘుపతి జానమ్మ గిన్నెలోని తడి పసుపును వేలితో తీసి పీపా మూత అంచున పెట్టాడు. అది ఎర్రబడింది.

"మూత కాడ గ్యాసు కారుతున్నది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడదా? గిదీ గంతే. తడారితే మళ్ళ పచ్చగైతది. దిష్టినీళ్ళు కలిపేదానివి, నీకు తెలువదా?"

ఆమెకు తెలుసు.

"భిక్షం పోయినప్పుడు గూడ గిదేనా, సారూ?"

"గిదే."

"మరి చెప్పలే?"

"దయ్యమంటే భయముంటే కాపలావాడు నిద్రపోడనుకున్న." అతను సీసా వైపు తిరిగాడు. బుడగలు సన్నగా వస్తూనే ఉన్నాయి. "ఫికర్ లేదు. ఇరుసులు మంచిగనే వస్తయి."

జానమ్మ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆ దారిన రాత్రి వెళ్ళినవారికి షెడ్డులోంచి రెండు పిలుపులు వినిపిస్తాయట. వెంటనే బయట, పది అడుగుల దూరంలో, "వస్తున్న... వస్తున్న..." అని ఒక ఆడగొంతు.

గొళ్ళెం తీసిన చప్పుడు మాత్రం ఇంతవరకు ఎవరూ వినలేదు.